అమెరికా దక్షిణాది పల్లె భోజనానికి అమ్మానాన్నలను తీసుకెళ్ళాలని ఉంది: ఎక్కడికి వెళ్ళాలి, ఏం అడగాలి?

కృష్ణాతీరం | ఏప్రిల్ 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేము అట్లాంటాకు ఉత్తరాన, కమింగ్ దగ్గర ఉంటున్నాం. వచ్చే నెల అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు. వాళ్ళు రావడం ఇది రెండోసారి. పోయినసారి ఆరు నెలలు ఉన్నారు. బయట తిన్నప్పుడల్లా మన హోటళ్ళకే తీసుకెళ్ళాం. తిరుగు ప్రయాణం రోజు సూట్‌కేసులు కారులో పెడుతుంటే నాన్న ఒక మాట అన్నారు: "ఇన్నాళ్ళున్నాం, ఈ ఊరివాళ్ళు ఇంట్లో ఏం వండుకుంటారో ఒక్క పూట కూడా చూడలేదు." ఆ మాట ఏడాదిగా నా మనసులో అలాగే ఉండిపోయింది.

ఈసారి అమెరికా దక్షిణాది పల్లె వంట పెట్టే రెస్టారెంటుకు తీసుకెళ్ళాలని నిర్ణయించుకున్నాను. చిక్కు ఏమిటంటే, నాన్న కోడి, చేప, మేక తింటారు గానీ పంది, గొడ్డు మాంసం ముట్టరు. అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. "మీట్ అండ్ త్రీ" అంటారు, "ఫ్యామిలీ స్టైల్" అంటారు. ఈ రెండింటికీ తేడా ఏమిటి? అమ్మ తినగలిగేది నిజంగా ఏమైనా ఉంటుందా, లేక అందరం తింటుంటే ఆవిడ చూస్తూ కూర్చోవలసి వస్తుందా?

---

పెదవాగు | ఏప్రిల్ 3, రాత్రి 10:47

తప్పకుండా తీసుకెళ్ళండి. నేను జార్జియాకు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. మొదటి పదేళ్ళు ఈ రెస్టారెంట్ల ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోయాను. ఆ పదేళ్ళకు ఇప్పటికీ బాధపడతాను.

మీట్ అండ్ త్రీ అంటే ఒక మాంసం, మూడు కూరలు. టెనెసీలో, అందులోనూ నాష్‌విల్‌లో ఈ మాట బాగా వినిపిస్తుంది. ఆవిరి మీద వేడిగా ఉంచిన పళ్ళాలు వరుసగా ఉంటాయి. ట్రే పట్టుకుని నడుస్తూ, కావలసింది చూపించి వడ్డించుకోవాలి. వేయించిన కోడి, మీట్‌లోఫ్ (గొడ్డు మాంసం కైమాను రొట్టెలా కాల్చినది), క్యాట్‌ఫిష్ అనే చేప వంటివాటిలో ఒకటి. కాలర్డ్ ఆకుకూర, బొబ్బర్లు, బెండకాయ వేపుడు, చిలగడదుంప, బంగాళదుంప ముద్ద వంటివాటిలో మూడు. మాకరోనీ చీజ్‌ను కూడా ఇక్కడ కూరల కిందే లెక్క వేస్తారు. దానికి తోడు మొక్కజొన్న రొట్టె గానీ బిస్కెట్ గానీ ఇస్తారు. బిస్కెట్ అంటే మనం టీలో ముంచుకునేది కాదు, పొరలు విచ్చుకునే మెత్తని ఉప్పు రొట్టె.

ఫ్యామిలీ స్టైల్ పద్ధతి వేరు. మనిషికి ఇంత అని ధర ఉంటుంది, గిన్నెలన్నీ బల్ల మీదికి వస్తాయి, ఖాళీ అయితే మళ్ళీ నింపి తెస్తారు. మన బంతి భోజనంలో వడ్డించేవాళ్ళు తిరుగుతారు, ఇక్కడ గిన్నెలు తిరుగుతాయి. అంతే తేడా. పెద్దవాళ్ళతో వెళ్తే ఇదే మేలు. ఏం తెప్పించుకోవాలన్న బెంగ ఉండదు, ప్రతిదీ ఒక చెంచా రుచి చూడవచ్చు.

మీకు దగ్గరలో డలోనెగాలో స్మిత్ హౌస్ ఉంది. స్మిత్ దంపతులు 1922లో ఆ ఇల్లు కొని బస, భోజనం మొదలుపెట్టారు. ఆ ఊరు జార్జియా బంగారు వేట నాటిది. 2006లో అక్కడ మరమ్మతులు చేస్తుంటే నేల కింద పాత గని బావి ఒకటి బయటపడింది. మీ నాన్నగారికి అది చూపించండి. ఇంకా పైకి, నార్త్ కరోలినా సరిహద్దు దాకా వెళ్ళగలిగితే డిలార్డ్ హౌస్ ఉంది. 1917 నుంచి ఆ కుటుంబం బాటసారులకు భోజనం పెడుతోంది, దారిలో టలూలా లోయ కూడా చూడవచ్చు. నగరంలోనే అయితే 1945 నాటి మేరీ మ్యాక్స్ టీ రూమ్. అక్కడ మనకు కావలసినవి మనమే పెన్సిలుతో కాగితం మీద రాసి ఇచ్చే అలవాటు ఉండేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం దూరంగా సవానాలో ఉంది, మిసెస్ విల్క్స్ డైనింగ్ రూమ్. సీమా విల్క్స్ అనే ఆవిడ 1943లో ఒక బోర్డింగ్ హౌస్ నడపడం మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆ కుటుంబమే చూస్తోంది. పది మంది పట్టే బల్లలు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన కూర్చుంటాం. ఇరవై రకాల గిన్నెలు వరుసగా దిగుతాయి. "ఆ బొబ్బర్లు కాస్త ఇటు ఇస్తారా" అని అడగడంతో మాటలు కలుస్తాయి. తిన్న తరువాత ఎవరి కంచం వారే వంటగదికి తీసుకెళ్ళి ఇవ్వాలి. నేను వెళ్ళిన రోజు నా పక్కన అయోవా నుంచి వచ్చిన రైతు దంపతులు కూర్చున్నారు. ముగ్గురం మొక్కజొన్న ధరల గురించి అరగంట మాట్లాడుకున్నాం.

---

తులసికోట | ఏప్రిల్ 4, ఉదయం 7:05

పెదవాగు గారు చెప్పినవన్నీ బాగున్నాయి గానీ, అమ్మగారి విషయంలో ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కనుక చెబుతున్నాను.

మేము ఇంటిల్లిపాదీ శాకాహారులం. నాలుగేళ్ళ క్రితం మా అత్తగారితో ఇలాంటి ఒక చోటికి వెళ్ళాం, పేరు అనవసరం. చిక్కుళ్ళలో మాంసం ఉందా అని అడిగాను. లేదన్నారు. అత్తగారు సగం తిన్నాక గిన్నె అడుగున ఎముక కనబడింది. పంది కాలి ఎముక. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ముక్కలు వెయ్యలేదు కనుక వాళ్ళ లెక్కలో అది కూర, ఎముక వేసింది రుచి కోసం. మా అత్తగారు ఏమీ అనకుండా లేచి చేతులు కడుక్కున్నారు. ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. ఆవిడ పక్కన కూర్చున్నది నేను, అడగవలసిన తీరులో అడగనిది నేను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

"వెజిటబుల్ ప్లేట్" అని కనబడితే అది శాకాహారం అనుకోకండి. మాంసం బదులు నాలుగు కూరలు పెడతారని మాత్రమే దాని అర్థం.

---

బాటసారి | ఏప్రిల్ 4, ఉదయం 8:30

ఆదివారం చర్చి వదిలే వేళకు మాత్రం వెళ్ళకండి. పన్నెండు దాటితే గంటకు పైగా నిలబడవలసి వస్తుంది. పదకొండు లోపే చేరుకోండి, లేదా మామూలు రోజు వెళ్ళండి. నాన్నగారికి ముఖ్యమైన సంగతి: "చికెన్ ఫ్రైడ్ స్టేక్"లో కోడి ఉండదు. గొడ్డు మాంసాన్ని కోడిలా పిండి పట్టించి వేయిస్తారు కనుక ఆ పేరు. మా బాబాయి పేరు చూసి తెప్పించుకున్నారు. సమయానికి నేను ఆపాను.

---

ఆవకాయ జాడీ | ఏప్రిల్ 4, మధ్యాహ్నం 2:18

నేను అలబామాలో ఒక చిన్న ఊరి రెస్టారెంటు వంటగదిలో మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. తులసికోట గారి మాట అక్షరాలా నిజం. లోపలి నుంచి చూసినదాన్ని కనుక ఒక్కొక్కటే చెబుతాను.

కాలర్డ్, టర్నిప్ ఆకులు, ఆవాకు: పొగబెట్టిన పంది కాలి ఎముకతో గంటకు పైగా ఉడికిస్తారు. ఈమధ్య చాలాచోట్ల దాని బదులు పొగబెట్టిన టర్కీ వేస్తున్నారు. అది మీ నాన్నగారికి పనికొస్తుంది, అమ్మగారికి కాదు. బొబ్బర్లు, పింటో బీన్స్, చిక్కుళ్ళు కూడా ఇంతే. మొక్కజొన్న రొట్టెలో గుడ్డు ఉంటుంది, ఇనుప మూకుడుకు బేకన్ (ఉప్పు, పొగ పట్టించిన పంది మాంసం) కొవ్వు రాసేవాళ్ళూ ఉన్నారు. బెండకాయ వేపుడుకు మజ్జిగ, మొక్కజొన్న పిండి చాలు, కొందరు గుడ్డు కలుపుతారు. కోడి వేగిన నూనెలోనే వేయించడం మామూలే. చిలగడదుంప మీద తెల్లగా కరిగి కనిపించే మార్ష్‌మెల్లోలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేది. పీచ్ పండ్లతో చేసే తీపి వంటకం పీచ్ కాబ్లర్ పైపొర కొన్నిచోట్ల వెన్నతో, కొన్నిచోట్ల పంది కొవ్వుతో చేస్తారు.

ఇక బిస్కెట్. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే రోజూ తెల్లవారుజామున నా చేతులు చేసే పని ఇదే. పిండి మెత్తని గోధుమలది కావాలి. మా దగ్గర వైట్ లిలీ వాడతారు, 1883లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో మొదలైన పిండి అది. అందులో ప్రొటీన్ తక్కువ కనుక సాగదు, రొట్టె పొడిపొడిగా విరుగుతుంది. చల్లటి వెన్నను పిండిలో వేసి, శనగబేడలంత ముక్కలయ్యేదాకా వేళ్ళ కొసలతో నలపాలి. అరచేయి తగిలితే వెన్న కరిగిపోతుంది. మధ్యలో గుంట చేసి చిక్కటి మజ్జిగ పోసి, ముద్ద కట్టీ కట్టకముందే ఆపాలి. తరువాత తట్టి, మడిచి, మళ్ళీ తట్టి, మడవాలి. తాపేశ్వరం మడత కాజా చేసే చేయి చూసినవాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. గుండ్రంగా కోసేటప్పుడు అచ్చును నిటారుగా దించి నిటారుగా తియ్యాలి. మెలితిప్పితే అంచు మూసుకుపోయి పైకి లేవదు. ఒకదానికొకటి తగిలేలా పళ్ళెంలో పేర్చితే పక్కలకు పోయే దారి లేక ఎత్తుగా పొంగుతాయి.

నాకు ఈ పని నేర్పిన పెద్దావిడ మొదటి నెల అంతా నన్ను కొలతగిన్నె ముట్టుకోనివ్వలేదు. పిండి చేతికి చెబుతుందని అనేవారు. మా అమ్మమ్మ అరిసెల పాకం దగ్గర అచ్చం ఇలాగే ఉండేది.

మా దగ్గర వెన్నతోనే చేస్తాం. చాలాచోట్ల పంది కొవ్వు వాడతారు. కనుక అడిగి తీరాలి.

---

చిరుధాన్యం | ఏప్రిల్ 4, సాయంత్రం 5:52

నా అభిప్రాయం వేరు. డెబ్బై దగ్గరపడిన తల్లిదండ్రులకు ఈ భోజనం ఎందుకు? వేయించిన కోడి, వెన్న, చీజ్, తీపి టీ. మా నాన్నగారికి మధుమేహం. తీపి టీ ఒక గ్లాసు తాగితే, పోసే అమ్మాయి ఆప్యాయంగా మళ్ళీ నింపింది. ఇంటికి వచ్చి చూస్తే చక్కెర 310. ఇంటి వంట అని పేరు పెట్టినంత మాత్రాన ఒంటికి మంచిదైపోదు. నాన్నగారి కోరిక తీర్చాలంటే రైతు బజారుకు తీసుకెళ్ళి, ఇక్కడి ఆకుకూరలు కొని ఇంట్లో వండి పెట్టవచ్చు.

---

బాటసారి | ఏప్రిల్ 4, సాయంత్రం 6:20

చక్కెర లేని టీ అడిగితే ఇస్తారు. "అన్‌స్వీట్" అంటే చాలు. అడగకపోతే తియ్యటిదే వస్తుంది, టీ వేడిగా ఉన్నప్పుడే చక్కెర కరిగించి తరువాత చల్లారుస్తారు కనుక తక్కువ చెయ్యడం కుదరదు.

---

నల్లరేగడి | ఏప్రిల్ 4, రాత్రి 11:36

చిరుధాన్యం గారి ఆందోళన సరైనదే. కానీ ఈ వంటలో అంత కొవ్వు, అంత ఉప్పు ఎందుకున్నాయో తెలిస్తే కంచం వేరుగా కనబడుతుంది. నేను మెంఫిస్‌లో ఉంటాను. ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఈ విషయమే చదువుతున్నాను.

దక్షిణాది పెద్ద ఇళ్ళ వంటగదుల్లో రెండు శతాబ్దాలకు పైగా గరిటె పట్టినవి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల చేతులు. వాళ్ళకు వారానికి కొలిచి ఇచ్చింది మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టిన పంది మాంసం. మిగతాది తమ గుడిసెల పక్క పెరట్లో వాళ్ళే పండించుకున్నారు. సూర్యోదయం నుంచి చీకటి పడేదాకా పత్తి చేలో పనిచేసే ఒంటికి ఆ కొవ్వే ఇంధనం. ఆకుకూర ఉడికిన నీటిని "పాట్ లికర్" అంటారు. ఆకు యజమాని బల్ల మీదికి వెళ్తే, సారమంతా దిగిన ఆ నీళ్ళు వంటవాళ్ళ పిల్లలకు మిగిలేవని చెబుతారు. ఇప్పుడు ఆ నీటినే కప్పులో పోసి, పక్కన మొక్కజొన్న రొట్టె పెట్టి గౌరవంగా అందిస్తున్నారు. మనకు పప్పుకట్టు ఎలాగో వాళ్ళకు అది అలాగ.

బొబ్బర్ల పుట్టిల్లు ఆఫ్రికా. వేల ఏళ్ళ క్రితమే మన నేలకు వచ్చాయి, బానిస ఓడల కాలంలో అమెరికాకు చేరాయి. ఒకే గింజ రెండు దారుల్లో ప్రయాణించి రెండు చోట్లా ఇంటి తిండి అయింది. ఇక్కడ కొత్త సంవత్సరం రోజున బొబ్బర్లు, కాలర్డ్ ఆకులు తినని ఇల్లు అరుదు. గింజలు నాణేలు, ఆకులు నోట్లు అని నమ్మకం.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఇప్పుడు మనం ఎవరి పక్కనైనా కూర్చుని తింటున్న ఈ బల్లల దగ్గర 1964 దాకా చాలాచోట్ల నల్లవారికి చోటు లేదు. హోటళ్ళలో జాతి భేదం చూపకూడదని ఆ ఏడాది పౌరహక్కుల చట్టం వచ్చాక, అలబామా బర్మింగ్‌హామ్‌లోని ఆలీస్ బార్బెక్యూ యజమాని దానికి వ్యతిరేకంగా కోర్టుకు వెళ్ళాడు. వంటగదిలో నల్లవారు పనిచేసేవారు, భోజనాల గదిలో మాత్రం వాళ్ళను కూర్చోనిచ్చేవాడు కాదు. సుప్రీంకోర్టు అదే డిసెంబరులో చట్టం పక్షాన తీర్పు ఇచ్చింది.

అలబామాలోని మాంట్‌గోమరీలో జార్జియా గిల్మోర్ అనే నల్లజాతి వంటావిడ ఉండేవారు. 1955 డిసెంబరులో, నల్లవారిని వేరుగా కూర్చోబెట్టే ఊరి బస్సుల బహిష్కరణ ఉద్యమం మొదలైనప్పుడు ఆవిడ, మరికొందరు స్త్రీలు కోడి వేయించి, కేకులు, పైలు చేసి అమ్మి, ఆ డబ్బు ఉద్యమానికి ఇచ్చారు. ఎక్కడిది ఈ డబ్బు అని ఎవరైనా అడిగితే "ఎక్కడి నుంచీ కాదు" అనేవారు. అందుకే తమ బృందానికి "క్లబ్ ఫ్రమ్ నోవేర్" అని పేరు పెట్టుకున్నారు. గిల్మోర్‌కు ఉన్న వంట ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి తన ఇంట్లోనే వండి పెట్టారు, మార్టిన్ లూథర్ కింగ్ ఆ బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. 1990 మార్చిలో, ఓటు హక్కు కోసం సాగిన సెల్మా పాదయాత్ర ఇరవై అయిదేళ్ళ వేడుకకు వచ్చేవారి కోసం వండుతున్న రోజునే ఆవిడ కన్నుమూశారు. ఆవిడ వండిన ఆ కోడి, ఆ మాకరోనీనే పరామర్శకు వచ్చినవారికి పెట్టారు.

అట్లాంటాలో పాస్కల్స్ ఉంది. 1947లో పాస్కల్ సోదరులు పెట్టినది, ఉద్యమ నాయకులు కూర్చుని ఆలోచనలు చేసిన చోటు. కృష్ణాతీరం గారూ, కొండల వైపు ఒక పూట వెళ్ళండి, అక్కడికి కూడా ఒక పూట వెళ్ళండి. నాన్నగారు అడిగిన ప్రశ్నకు జవాబు ఈ రెండో చోట లేకుండా పూర్తికాదు.

---

చిరుధాన్యం | ఏప్రిల్ 5, ఉదయం 6:44

నల్లరేగడి గారూ, గిల్మోర్ గారి గురించి నాకు తెలియదు. రాసినందుకు ధన్యవాదాలు. మా నాన్నగారి విషయంలో నా మాట మారదు గానీ, వద్దని ఇతరులకు చెప్పనని మాత్రం అంటాను.

---

వేపచెట్టు నీడ | ఏప్రిల్ 5, ఉదయం 9:15

నేను సిద్ధిపేటలో ఉంటాను, రిటైరైన ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి షార్లట్‌లో ఉంటుంది. తీసుకెళ్ళే పిల్లలే రాస్తున్నారు, తీసుకెళ్ళబడిన తండ్రిగా నేను రెండు మాటలు రాస్తాను.

అమ్మాయి భయపడుతూ తీసుకెళ్ళింది. నేను కూర్చోగానే గ్రిట్స్ అని తెల్లటి మొక్కజొన్న రవ్వ జావ గిన్నె పెట్టారు. చెంచాతో తీసి నోట్లో పెట్టుకుంటే మా నానమ్మ చేసిన మక్క గట్క. ఉప్పు, వెన్న తేడా, అంతే. నానమ్మ పోయి యాభై ఏళ్ళయింది. ఇల్లు అమ్ముకున్నాం, మక్క విసిరిన ఆ తిరగలి ఎటు పోయిందో తెలియదు. ఆ రుచి వేల మైళ్ళ దూరంలో, నల్ల ఆప్రాన్ కట్టుకున్న ఒక అమ్మాయి తెచ్చి పెట్టింది. మా అమ్మాయికి బాగోలేదేమో అనిపించి "నాన్నా, మార్చమందునా" అని అడిగింది. మార్చవద్దన్నాను.

ఇంకా చెప్పాలంటే, జాబితాలో కోడి కార్జం, కందనకాయలు వేయించి ఇస్తామని రాసి ఉంది. చిట్లిన్స్ అని మరొకటి. ఏమిటని అడిగితే పంది పేగులన్నారు. అది నేను తినలేదు, కానీ బోటీ వండే ఊరివాడిని కనుక వాసన చూసి ముక్కు మూసుకోలేదు. పక్క బల్ల వాళ్ళు తినే ముందు చేతులు పట్టుకుని తలవంచి ప్రార్థన చేశారు. చిన్న పిల్లవాడు కూడా చెంచా పక్కన పెట్టి ఆగాడు. మీ నాన్నగారు ఏం చూడాలనుకుంటున్నారో నాకు తెలుసు, బాబూ. తీసుకెళ్ళు.

---

తులసికోట | ఏప్రిల్ 5, ఉదయం 10:02

మాస్టారూ, చదివి కళ్ళు చెమర్చాయి.

ఆవకాయ జాడీ గారూ, ఒక్క ప్రశ్న. మా అత్తగారితో నేను తప్పుగా అడిగాను. సరిగ్గా ఎలా అడగాలి?

---

ఆవకాయ జాడీ | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 1:40

ముందు రోజే ఫోను చేయండి, భోజనాల వేళ కాకుండా మూడు గంటల ప్రాంతంలో. అప్పుడు వంటగదిలో కాస్త ఊపిరి ఉంటుంది. శాకాహారమా అని అడగకండి, మాంసం ఉందా అని కూడా అడగకండి. "ఇది దేనితో ఉడికించారు? కుండలో ఎముక గానీ, కొవ్వు గానీ, మాంసం ఉడికిన నీళ్ళు గానీ పడ్డాయా? వేయించిన నూనె వేరా?" అని వస్తువు వస్తువుగా అడగండి. మా అమ్మకు ఇది దేవుడి మీద నమ్మకానికి సంబంధించిన విషయం అని ఒక్క మాట చెప్పండి. ఈ ప్రాంతంలో ఆ మాటకు విలువ ఉంది. మా వంటగదిలో ఎవరైనా అలా చెబితే పెద్దావిడ స్వయంగా బయటికి వెళ్ళి మాట్లాడతారు.

సాధారణంగా అమ్మగారికి దొరికేవి: కోసిన టమాటా, పాలు, వెన్న వేసిన బంగాళదుంప ముద్ద (మాంసం రసం కలిసే గ్రేవీ వెయ్యవద్దని చెప్పాలి), ఉడికించిన మొక్కజొన్న, మార్ష్‌మెల్లో లేని చిలగడదుంప, వెన్నతో చేసిన బిస్కెట్, సోర్గమ్ పాకం. సోర్గమ్ పాకం అంటే తీపి జొన్న చెరకు రసం కాచినది. మన బెల్లం పాకాన్ని గుర్తుచేస్తుంది.

---

బాటసారి | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 3:11

రెండు విషయాలు. ఒకటి, టిప్పు. కేంద్ర చట్టం ప్రకారం టిప్పుల మీద ఆధారపడే ఉద్యోగికి యజమాని ఇవ్వవలసిన కనీస వేతనం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు మాత్రమే. జార్జియాలోనూ ఇదే. అయిదు సార్లు గిన్నెలు నింపిన మనిషికి ఇరవై శాతం తగ్గకుండా ఇవ్వండి.

రెండు, కొండల దారిలో "బాయిల్డ్ పీనట్స్" అని చేత్తో రాసిన అట్ట కనబడితే కారు ఆపండి. పచ్చి వేరుశనక్కాయలను ఉప్పు నీళ్ళలో గంటల తరబడి ఉడికిస్తారు. సౌత్ కరోలినా 2006లో దీన్ని తమ రాష్ట్ర చిరుతిండిగా ప్రకటించుకుంది. అమ్మగారు నిశ్చింతగా తినవచ్చు. మసాలా వేసిన రకం మాత్రం అడిగి తీసుకోండి, దానిలో పంది ఎముక వేసేవాళ్ళు కొందరున్నారు.

---

కృష్ణాతీరం | మే 19, రాత్రి 10:25

అందరికీ చెప్పవలసిన బాకీ ఉంది. నిన్న వెళ్ళి వచ్చాం.

ఆవకాయ జాడీ గారు చెప్పినట్టే మూడు గంటల వేళ నాలుగు చోట్లకు ఫోను చేశాను. రెండు చోట్ల హడావిడిగా "అన్నిటిలో పంది ఉంటుంది" అన్నారు. సూటిగా చెప్పినందుకు కృతజ్ఞతే. మూడో చోట ఎవరూ ఎత్తలేదు. నాలుగో చోట, కొండల దగ్గర చిన్న ఊళ్ళో, వంటావిడే ఫోను అందుకున్నారు. ఒక్కొక్కటీ ఓపికగా చెప్పారు. "మీ అమ్మగారి కోసం బెండకాయ వేరే మూకుడులో వేయిస్తాను, మజ్జిగే వేస్తాను, గుడ్డు వెయ్యను. పదకొండుకు ముందే రండి" అన్నారు.

వెళ్ళేసరికి వసారాలో ఊగే కుర్చీలు వరుసగా ఉన్నాయి. నాన్న ఒకదానిలో కూర్చుని లేవనన్నారు. లోపల చెక్క బల్ల, గళ్ళ గుడ్డ. గిన్నెలు దిగడం మొదలైంది. నాన్న కోడి కాలు తీసుకుని కొరికితే పెళ్ళుమన్న చప్పుడు నాకు వినబడింది. లోపల మాంసం తడిగా, ఆవిరి పైకి లేస్తోంది. రాత్రంతా మజ్జిగలో నానబెట్టి, మిరియాలు కలిపిన పిండి పట్టించి వేయిస్తారట. కార్జం కూడా తెప్పించాను. రెండు ముక్కలు తిని, "దీనికి ఉల్లిపాయ, నిమ్మకాయ ఉంటే" అన్నారు. అడిగితే ఉల్లిపాయ చక్రాలు తెచ్చిపెట్టారు.

అమ్మ ముందు ఆ వంటావిడ స్వయంగా వచ్చి చిన్న గిన్నె పెట్టారు. బెండకాయ చక్రాలు, బంగారు రంగులో. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆవిడకు తెలుగు రాదు. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, జిగురు ఎలా పోయిందని నన్ను అడగమంది. ముందు ఉప్పు చల్లకుండా, తడి లేకుండా తుడిచి, వేడి నూనెలో కొంచెం కొంచెంగా వెయ్యాలని ఆవిడ చేతులతో చూపించారు. అమ్మ తల ఊపుతూ తన చేతులతో అదే చూపించింది. మేమంతా తినడం ఆపి ఆ నాలుగు చేతుల వైపే చూశాం.

బంగాళదుంప ముద్ద చప్పగా ఉందని అమ్మ అనేలోపే బల్ల మీద ఉన్న గాజు సీసా కనబడింది. వెనిగర్‌లో సన్నటి పచ్చిమిరపకాయలు నిలువునా నిండి ఉన్నాయి. ఆ పుల్లటి కారపు నీటిని ఇక్కడివాళ్ళు ఆకుకూర మీద చల్లుకుంటారట. అమ్మ మూత తీసి వాసన చూసి, ముద్ద మీద నాలుగు చుక్కలు వేసుకుంది. తరువాత మరో పది చుక్కలు. గిన్నె ఖాళీ చేసింది. అమ్మ ఇక్కడ బయటి తిండి ఇష్టంగా తినడం నేను చూడటం ఇదే మొదటిసారి.

దారిలో వేరుశనక్కాయలు కొన్నాం, ఉప్పు వేసినవే. నాన్న తొక్కలు ఒడిలో పోసుకుంటూ ఇల్లు చేరేదాకా తిన్నారు. పాస్కల్స్‌కు వచ్చే శనివారం వెళ్తున్నాం. నల్లరేగడి గారు రాసిందంతా నాన్నకు చదివి వినిపించాను, గిల్మోర్ గారి భాగం రెండుసార్లు చదివించుకున్నారు.

---

తులసికోట | మే 20, ఉదయం 7:18

ఆ ఊరి పేరు, ఫోను చేయవలసిన నంబరు నాకు విడిగా పంపగలరా? మా అత్తగారు ఆగస్టులో వస్తున్నారు.

---

కృష్ణాతీరం | మే 20, ఉదయం 7:41

పంపాను. ఆ సీసా గురించి కూడా అమ్మ చెప్పమంది: ఇవాళ పొద్దున్నే పచ్చిమిరపకాయలు తుడిచి, ఆరబెట్టి, తలో గాటు పెట్టి, కాచిన వెనిగర్ పోసి కిటికీలో పెట్టింది. వారం దాకా ఎవరినీ మూత తియ్యవద్దంది.